ఖాళీ వేరు, లేకపోవడం వేరు

బెంజి సర్కిల్ నుంచి బందరు రోడ్డు పట్టుకుంటే పటమట, ఆటోనగర్ దాటగానే కానూరు వస్తుంది. 1977లో సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీ వెలిసింది ఇక్కడే. ఇప్పుడు విజయవాడ చుట్టూ ఏ రోడ్డెక్కినా పొద్దున్నే కాలేజీ బస్సులే ఎదురవుతాయి. అలాంటి ఒక కాలేజీలో రెండో ఏడాది పిల్లల పైథాన్ ల్యాబ్ చూడటానికి వెళ్లాను. ఆ రోజు పాఠం: ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టడం, తీసేయడం.

ప్రోగ్రామ్ లోపల రాయకుండా, బయటి నుంచి దానికి అందించే పేరూ విలువా ఇవి. 1979లో బెల్ ల్యాబ్స్ నుంచి వచ్చిన యూనిక్స్ ఏడో ఎడిషన్‌తో వాడుకలోకి వచ్చాయి. కమాండ్లు ఏ ఫోల్డర్లలో వెతకాలో ‘పాత్’ చెబుతుంది, ఏ భాషలో మాట్లాడాలో ‘లాంగ్’ చెబుతుంది. లెక్చరర్ మేడం ఆ రోజుకు ఎంచుకున్నది ‘టీజెడ్’, అంటే టైమ్ జోన్. మార్చిన ఫలితం వెంటనే గడియారంలో కనిపిస్తుందని.

ఉబుంటు మెషీన్లు. టైము పదకొండు. పైథాన్‌లో ఓఎస్ మాడ్యూల్ కింద ‘ఎన్విరాన్’ అనే డిక్షనరీ ఉంటుంది. అందులో టీజెడ్‌కి ‘ఏషియా/కోల్‌కతా’ అని పెట్టి, టైమ్ మాడ్యూల్‌లోని ‘టీజెడ్‌సెట్’ను పిలవాలి. పిలవకపోయినా ఒక్కోసారి టైము మారుతుంది, కానీ దాన్ని నమ్ముకోకూడదు. అందరి తెరల మీదా పదకొండే కనిపించింది.

వెనక వరసలో ఒకబ్బాయి ‘ఏషియా/విజయవాడ’ అని కొట్టాడు. ఎర్రర్ రాలేదు. ఉదయం 5:30 చూపించింది.

“ఆ పేరుతో జోన్ లేదు నాన్నా. తెలియని పేరిస్తే సిస్టమ్ గొడవ చెయ్యదు, గప్‌చుప్‌గా యూటీసీకి, అంటే గ్రీనిచ్ టైముకి, వెళ్లిపోతుంది,” అన్నారు మేడం.

“మన టైము లెక్కకట్టే రేఖ కాకినాడ పక్కనుంచే కదా మేడం పోయేది! పేరు మాత్రం కోల్‌కతాదా?”

అందరూ నవ్వారు. ఇంకో అమ్మాయి పాత పద్ధతిలో ‘ఐఎస్‌టీ+5:30’ అని రాస్తే తెర మీద అర్ధరాత్రి పన్నెండైంది. ఆ రాతలో గ్రీనిచ్‌కి తూర్పున ఉన్నవాళ్లకు మైనస్ పెట్టాలి, పడమటివాళ్లకు ప్లస్. మన అలవాటుకు అది పూర్తిగా తలకిందులు.

అసలు పాఠం ఆ తర్వాత మొదలైంది. “ఇప్పుడు టీజెడ్ తీసెయ్యండి” అన్నారు మేడం. సగంమంది విలువ చోట ఏమీ లేని కోట్స్ పెట్టారు. వాళ్లకు మళ్లీ 5:30 వచ్చింది. ‘డెల్’తో ఆ పేరునే తీసేసి, టీజెడ్‌సెట్‌ను మళ్లీ పిలిచినవాళ్లకు పదకొండు వచ్చింది. టీజెడ్ ఉండి అందులో ఏమీ లేకపోతే సిస్టమ్ యూటీసీ అనుకుంటుంది. అసలు టీజెడే లేకపోతే మెషీన్ సొంత సెట్టింగ్ చూసుకుంటుంది. ఖాళీ చేసినవాళ్లు తీసేశామనే అనుకున్నారు, నిజానికి కొత్త విలువ ఇచ్చారు.

డెల్‌కీ ఒక పేచీ ఉంది. లేనిదాన్ని తీయమంటే ‘కీ ఎర్రర్’ ఇస్తుంది. దాని బదులు ‘పాప్’ వాడి, రెండో విలువగా ‘నన్’ ఇస్తే ఆ గొడవ ఉండదు. ఓఎస్ మాడ్యూల్‌లోని ‘అన్‌సెట్ఎన్వ్’ను నేరుగా పిలిస్తే ఇంకో తిరకాసు: సిస్టమ్ దగ్గర పోతుంది, పైథాన్ డిక్షనరీలో మాత్రం పాత విలువ అలాగే కూర్చుని ఉంటుంది.

ప్రోగ్రామ్ మూసి టెర్మినల్లో వెతికితే, లోపల పెట్టిన టీజెడ్ జాడ లేదు. ఎందుకని ఒకమ్మాయి అడిగింది. “బ్యారేజీ దగ్గర వదిలిన నీళ్లు బందరు కాలవలోకి దిగుతాయి. బందరు దగ్గర ఏదో కలిపితే అది బ్యారేజీకి ఎక్కుతుందామ్మా?” అన్నారు మేడం. పుట్టేటప్పుడు ప్రతి ప్రోగ్రామ్‌కీ పై ప్రోగ్రామ్ నుంచి ఒక కాపీ వస్తుంది. అక్కడ చేసిన మార్పు దానికీ, ఆ తర్వాత అది పుట్టించే వాటికీ మాత్రమే.

చివరగా టెర్మినల్లో ఒక ఉత్తుత్తి పాస్‌వర్డ్ పెట్టి, పైథాన్ తెరిచి, లోపల దాన్ని తీసేయించారు. డిక్షనరీలో లేదు. ఇంకో టెర్మినల్ తెరిచి, ‘ప్రాక్’ కింద ఆ ప్రాసెస్ నంబరు ఫోల్డర్లో ‘ఎన్విరాన్’ ఫైలు చూస్తే పాస్‌వర్డ్ నిక్షేపంగా కనిపించింది. లినక్స్ అక్కడ చూపించేది ప్రోగ్రామ్ మొదలైనప్పటి స్థితిని. అంటే తీసేయడం వల్ల ఇకముందు పుట్టే ప్రోగ్రాములకు అది అందదు గానీ, ఉన్న ఆనవాలు చెరిగిపోదు. క్లౌడ్ సర్వర్ల తాళాలు కూడా ఇలాంటి వేరియబుల్స్‌లో పెట్టుకుంటున్న కాలంలో పిల్లలకు ఇది ఉద్యోగానికి ముందే తెలియడం మంచిది.

పెట్టడం ఏ పుస్తకమైనా నేర్పుతుంది, అది ఒక్క లైను పని. తీయడానికే ఇంత ల్యాబ్ పట్టింది. వచ్చే వారానికి మేడం ఇచ్చిన పని కూడా అదే: టీజెడ్ మార్చి, టైము చదివి, వెళ్లేటప్పుడు అంతా ముందున్నట్టే వదిలిపెట్టే ఫంక్షన్ రాయాలి. పాత విలువ ఉంటే తిరిగి పెట్టాలి, లేకపోతే తీసెయ్యాలి. లేనిచోట ఖాళీ కోట్స్ పెట్టినవాళ్లకు మార్కుల్లేవు.