కనకమ్మ సత్రంలో నక్షత్రాల పద్దు

మద్రాసు నుంచి తిరుపతి వెళ్ళే దారిలో తిరువళ్ళూరు దాటాక, తిరుత్తణి ఇంకా రాకముందే కనకమ్మ సత్రం వస్తుంది. ఆడికృత్తికకు కావడి ఎత్తుకుని తిరుత్తణి కొండకు నడిచేవారు, ఏడుకొండలవాడి దర్శనానికి వెళ్ళేవారు ఈ రోడ్డుమీద ఒకరినొకరు దాటుకుపోతుంటారు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. మా ఇళ్ళలో మాత్రం మాట తెలుగే.

పోయిన డిసెంబరులో అన్నయ్య కబురు పెడితే వెళ్ళాను. వాళ్ళమ్మాయి ఫిజిక్సులో బి.ఎస్‌సి. చదువుతోంది. ఆ తరువాత గెలాక్సీల మీద పరిశోధన చేస్తానంటోందట. "నువ్వు బ్యాంకువాడివి, నీ మాట వింటుంది. బ్యాంకు పరీక్షలు రాయమని చెప్పు" అన్నాడు అన్నయ్య.

రాత్రి భోజనాలయ్యాక అమ్మాయి నన్ను పెరటి వెనుక పొలంగట్టు మీదికి తీసుకెళ్ళింది. వాన వెలిసి ఆకాశం తేటగా ఉంది. పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర నక్షత్రాలు కలిసి కట్టిన పెద్ద చతురస్రాన్ని చూపించి, దానికి ఈశాన్యంగా మసకగా ఉన్న ఒక మరకను చూడమంది. "అదే ఆండ్రోమెడా గెలాక్సీ బాబాయ్. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరం. సెకనుకు సుమారు 110 కిలోమీటర్ల వేగంతో మన పాలపుంత వైపు వస్తోంది."

"అయితే గుద్దుకుంటాయా?" అన్నాను.

"గుద్దుకున్నా నక్షత్రానికి నక్షత్రం తగలడం చాలా అరుదు. మన సూర్యుణ్ణి ఒక మిరియపు గింజ చేసి ఈ గట్టుమీద పెడితే, దగ్గరలోని మరో నక్షత్రం నెల్లూరులో ఉంటుంది. మధ్యలో అంతా ఖాళీయే."

తగలనప్పుడు ఇక జరిగేదేముందని నాకు అనుమానం వచ్చింది. అదే ప్రశ్న పట్టుకుని జీవితమంతా పనిచేసిన ఒక పెద్దమనిషి గురించి అప్పుడు చెప్పింది. ఆయన ప్రొఫెసర్ సాలెహ్ మహమ్మద్ అల్లాదీన్. 1931లో పుట్టిన హైదరాబాదువారు. చికాగో విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేసి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఖగోళశాస్త్రం బోధించారు. ఢీకొనే గెలాక్సీల గతిశాస్త్రంపై 1965లో ఆయన వ్యాసం అమెరికాలోని ఆస్ట్రోఫిజికల్ జర్నల్‌లో వచ్చింది.

ఆ వ్యాసంలోని లెక్క నాబోటి కామర్సువాడికి కూడా అర్థమయింది. రెండు గెలాక్సీలు ఒకదానిలోంచి ఒకటి దూరిపోయేటప్పుడు ఒకదాని ఆకర్షణ రెండోదానిలోని నక్షత్రాలను కదిలిస్తుంది. వాటి కదలికలో శక్తి పెరుగుతుంది. పెరిగిన శక్తి ఎక్కడిదంటే, గెలాక్సీల ప్రయాణపు ఖాతాలోంచి వచ్చినదే. అక్కడ డెబిట్, ఇక్కడ క్రెడిట్, మొత్తం మారదు. ప్రయాణపు ఖాతా బాగా తరిగిపోతే అవి మళ్ళీ విడిపోలేక ఒకటైపోతాయి. వేగంగా దూసుకుపోతే మార్పు తక్కువ, నెమ్మదిగా కలిస్తే ఎక్కువ.

1972లో అమెరికాలో టూమ్రే సోదరులు ఇలాంటి కలయికల్లో గెలాక్సీలకు పొడవైన తోకలు ఎలా సాగుతాయో కంప్యూటరుతో గీసి చూపించారు. హైదరాబాదులో అల్లాదీన్ గారు కె.ఎస్. శాస్త్రి వంటి సహచరులతో తన లెక్కను పెంచుకుంటూ పోయారు. కె.ఎస్.వి.ఎస్. నరసింహన్ గారితో కలిసి 1982లో ఫిజిక్స్ రిపోర్ట్స్‌లో ఈ విషయంపై పెద్ద సమీక్ష ప్రచురించారు. 2011లో కన్నుమూశారు.

"మరి మనవీ ఆండ్రోమెడావీ పద్దులు ఎప్పుడు కలుస్తాయమ్మా?"

"400 కోట్ల ఏళ్ళలో తప్పదని 2012లో అన్నారు. 2025లో మళ్ళీ లెక్కవేసి, రాబోయే 1000 కోట్ల ఏళ్ళలో కలిసే అవకాశం సగానికి సగమే అన్నారు. ఇంకా తేలలేదు బాబాయ్. అందుకే నేను వెళ్తానంటున్నాను."

ముప్ఫై ఏళ్ళుగా రోజూ సాయంత్రానికి పద్దు తేల్చి ఇంటికి వెళ్ళే అలవాటు నాది. తేలని లెక్కకు అరవై ఏళ్ళుగా ఒకరి తరువాత ఒకరు కూర్చుంటున్నారంటే, ఆ పనిని తేలిగ్గా తీసిపారేయడానికి నాకు నోరు రాలేదు.

పొద్దున్న కాఫీ తాగుతూ అన్నయ్య "ఏం తేల్చావు?" అని అడిగాడు. ఎం.ఎస్‌సి. ప్రవేశ పరీక్ష ఫీజు నేను కడతానన్నాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. "తిండి గడుస్తుందా దానికి?" అన్నాడు చివరికి. ఉపకార వేతనాలున్నాయనీ, ఉద్యోగం మాత్రం ఆలస్యంగా వస్తుందనీ ఉన్నదున్నట్టు చెప్పాను. వదిన ఏమీ అనకుండా నా గ్లాసులో ఇంకాస్త కాఫీ పోసింది.

డిసెంబరులో మీరూ ఊరు వెళితే, అమావాస్య దగ్గర పడ్డాక రాత్రి ఏడు గంటలకు పిల్లలను దీపాలు లేని చోటికి తీసుకెళ్ళండి. నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఆ మరక కనబడుతుంది. బైనాక్యులర్స్ ఉంటే మరీ మంచిది.