మూడు ఊళ్ళు, ఒక పాత కారు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి – ఈ మూడును ఒకప్పుడు వరంగల్ జిల్లాలోనివే. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయినప్పుడు మూడును మూడు జిల్లా కేంద్రములైనవి. మా కుటుంబము కూడ ఆ మూడు చోట్ల పంచుకొని ఉన్నది. మేము ఉండేది జనగామలో. నాన్నగారు, తమ్ముని కుటుంబము మహబూబాబాద్ దగ్గర, నెల్లికుదురు వైపు ఒక పల్లెలో. అమ్మాయి, అల్లుడు భూపాలపల్లిలో, సింగరేణి క్వార్టర్సులో. జనగామ నుండి మహబూబాబాదుకు కాజీపేట మీదుగా రైలున్నది గాని, స్టేషనులో దిగిన తరువాత పల్లెకు పోవుటయే అసలు ప్రయాణము. భూపాలపల్లికి రైలే లేదు. కాబట్టి ఈ మూడు ఊళ్ళను మేము ఎరిగినది రోడ్డు మీదనే, అందులోను ఎక్కువ భాగము ఒక పాత ఆల్టో కారు కిటికీలో నుండియే.

రెండవ కారు అనగానే ఇది కలిగినవారి ముచ్చట అనుకొని కొందరు పేజీ తిప్పివేయవచ్చును. కొంచెము ఆగండి. మా మొదటి కారు అప్పు మీద కొన్నది. నెలనెలా బ్యాంకుకు కట్టవలసినదే. రెండవది 2018లో తొంభై వేలకు కొన్నాము. ఇప్పుడు ఒక మంచి కొత్త మోటారు సైకిలుకు అయ్యే ధర అది. అప్పులో ఉన్న బండిని గుంతల రోడ్ల మీద రోజూ త్రిప్పి పాడుచేయుట కంటె, పైకము పూర్తిగా చెల్లించిన చిన్న బండి ఒకటి రోజువారీ పనులకు ఉండుట మేలని లెక్క వేసి కొన్నదే గాని, హోదా కొరకు కాదు. దానిని చూచినవారెవరును హోదా అనుకొనలేదు కూడ!

2008 జనవరిలో టాటావారు నానోను చూపినప్పుడు, స్కూటరు మీద నలుగురు తడిసిపోయే కుటుంబమునకు లక్ష రూపాయలలో కారు అన్నారు. 2018లో దాని తయారీ ఆగిపోయినది. మేము చూచినంతలో, మా ప్రాంతమున ఆ పని చేసినది నానో కాదు, పాత మారుతీ 800, పాత ఆల్టో. 800 బండి 1983 డిసెంబరులో మొదలై 2014 జనవరి వరకు తయారైనది. ఈ రెంటికిని సామాను దొరకని ఊరు లేదు. తొర్రూరులో బస్టాండు పక్క రేకుల షెడ్డులో ఉండే కుర్రవానికి కూడ వీటి ఇంజను తెలుసును. పాత బండి కొనేవారు చూడవలసిన మొదటి సంగతి ఇదేనని మా అభిప్రాయము. ఎంత మంచి కంపెనీ బండి అయినను, చిన్న వస్తువు కొరకు హైదరాబాదు పోవలసి వచ్చిన దినమున అది చవక బండి కానేకాదు.

కొనుటకు ముందు జనగామ మెకానిక్కును వెంట తీసికొని పోయినాము. అతడు పైరంగు వైపు చూడనే లేదు. కాళ్ళ కింది మ్యాటు ఎత్తి తుప్పు చూచినాడు. “సార్, బండి రాత్రంత ఆగినంక పొద్దుగాల ఒక్కసారి స్టార్ట్ చేసి చూపియ్యమనుండ్రి, వేడి మీద ఏ బండైన మంచిగనే ఉంటది” అన్నాడు. మరునాడు తెల్లవారి పోయి చూచినాము. తరువాత కాగితములు. అమ్మేవారి పేరు మీద అప్పు తీరినట్లు ఫారము 35, పేరు మార్పుకు ఫారములు 29, 30. బీమా పాలసీని కూడ కొన్న పద్నాలుగు దినములలో మన పేరుకు మార్చమని అడుగవలెను. సంతకము చేసిన ఖాళీ ఫారములు పెట్టెలో ఉంచుకొని ఏండ్ల తరబడి తిరిగేవారిని మేమెరుగుదుము. రేపు ఆ బండి ఎవరినైనను గుద్దినచో, పాత యజమాని ఇంటికి నోటీసు పోవును. అది అతనికి అన్యాయము.

ఆ బండి నంబరు ఏపీ 36తో మొదలగును. అది పాత వరంగల్ జిల్లా నంబరు. 2014 జూను నుండి టీఎస్ వచ్చినది, 2024 మార్చి నుండి టీజీ. ఇప్పుడు జనగామకు 27, మహబూబాబాదుకు 26, భూపాలపల్లికి 25. జనగామ చౌరస్తాలో పది నిమిషములు నిలిచినవారికి ఆయా బండ్ల వయస్సు, అవి పుట్టిన ఊరు నంబరు పలకల మీదనే తెలిసిపోవును.

మొదటి నాలుగేండ్లు అది జనగామ బండి. మాలో ఒకరు పాలకుర్తి వైపు పల్లె బడిలో పని చేయుచున్నారు గనుక రోజూ అటు పోయి వచ్చేది. హైదరాబాదు–వరంగల్ రోడ్డు నాలుగు వరుసలది. పెంబర్తి ఇత్తడి పనివారి ఊరు కూడ దాని మీదనే ఉన్నది. ఆ రోడ్డు మీద మా చిన్న బండిని తోలుట మాకు ఇష్టము లేదు. పెద్ద బండ్లు వెనుక నుండి వచ్చి ఊదినప్పుడు బండి మొత్తము వణకును. పాలకుర్తి రోడ్డు వేరు. పోతన ఊరని పేరుపొందిన బమ్మెర, పాల్కురికి సోమనాథుని పాలకుర్తి ఆ వైపుననే ఉన్నవి. కోతల కాలమున రోడ్డులో సగము మీద వడ్లు ఆరబోసి, అంచున రాళ్ళు పేర్చి ఉంచుదురు. ఎదురుగా బస్సు వచ్చినచో మనము మట్టిలోనికి దిగవలెను. గేదెల మంద వచ్చినచో ఇంజను ఆపి కూర్చుండవలెను. కొత్త కారైతే గీత పడునేమోనని ప్రాణము విలవిలలాడును. పాత బండిలో అటువంటి చింత లేదు. తలుపు మీద ఒక కొమ్ము గీత ఇప్పటికి కూడ ఉన్నది.

2022లో నాన్నగారికి మూత్రపిండములు పని చేయుట లేదని తెలిసినది. వారమునకు మూడు సార్లు, సోమ, బుధ, శుక్రవారములు మహబూబాబాదులో డయాలసిస్. పోవునప్పుడు ఆటోలో పోవచ్చును. రక్తము శుద్ధి అయిన తరువాత తిరిగి వచ్చుటయే కష్టము. రక్తపోటు పడిపోయి, కాళ్ళు పట్టివేసి, కూర్చుండుటకే ఓపిక ఉండదు. ఏడుగురిని ఎక్కించుకొన్న ఆటోలో ఆ మనిషిని ఎట్లు కూర్చుండబెట్టగలము? ఆ సంవత్సరమే చిన్న బండిని తమ్ముని ఇంటి ముందు పెట్టి వచ్చినాము. ముందు సీటును వెనుకకు వాల్చి, దిండు పెట్టి, తెల్లవారుజామున ఐదు గంటలకు తీసికొని పోయేవాడు. వాంతి అయినను, మందు ఒలికినను ఎవరును కంగారు పడలేదు, కడిగి ఆరబెట్టేవారు. రెండేండ్లకు పైగా అది ఇట్లే నడిచినది.

ఒక క్రిస్మస్ ముందు డోర్నకల్ దేవాలయమును మరల ఒకసారి చూడవలెనని నాన్నగారు అడిగినారు. డోర్నకల్ మహబూబాబాద్ జిల్లాలోనిదే. 1912 డిసెంబరు 29న బిషప్పుగా అభిషేకింపబడిన అజరయ్యగారు ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు. ఆయన పూనికతో కట్టబడిన ఎపిఫనీ దేవాలయము 1939లో ప్రతిష్ఠింపబడినది. గుమ్మటములతో, మన దేశపు పద్ధతి స్తంభములతో ఉండును గనుక తొలిసారి చూచేవారు కొంచెము ఆశ్చర్యపోవుదురు. డయాలసిస్ లేని దినము చూచి తమ్ముడు తీసికొని పోయినాడు. చిన్నతనమున ఎద్దుల బండిలో అక్కడికి పోయిన సంగతి దారి పొడవున చెప్పుచునే ఉన్నారట.

2024 సెప్టెంబరు 1, ఆదివారము. ఆ దినమును మహబూబాబాద్ జిల్లావారు మరువలేరు. కేసముద్రము, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయి రైళ్ళు నిలిచిపోయినవి. మరిపెడ మండలము పురుషోత్తమాయగూడెము వద్ద ఆకేరు వాగులో ఒక కారు కొట్టుకుపోయి తండ్రీ కూతుళ్ళు మరణించినారు. మరునాడు సోమవారము, నాన్నగారి డయాలసిస్ దినము. పల్లెకును మహబూబాబాదుకును మధ్య వాగు రోడ్డు మీదుగా పారుచున్నది. తమ్ముడు కారు తీసి వాగు వరకు పోయి చూచి, వెనుకకు త్రిప్పుకొని వచ్చినాడు. పారే నీరు ఒక అడుగు లోతున్నను చిన్న కారును తేల్చగలదు. ఫోనులో డాక్టరుగారు నీళ్ళు కొలిచి ఇవ్వమన్నారు, అరటిపండు, కొబ్బరినీళ్ళు అసలే వద్దన్నారు. సోమవారము గడిచినది. ఆ రాత్రి ఇంటిలో ఎవరును నిద్రపోలేదు. నాన్నగారు ఆయాసముతో దిండుకానుకొని కూర్చున్నారు. మేము జనగామలో ఫోను పట్టుకొని ప్రార్థించుచు కూర్చున్నాము. మంగళవారము మధ్యాహ్నము నీరు తగ్గిన తరువాత వేరొక దారిన, చుట్టు తిరిగి, ఆసుపత్రి చేరినారు. ఇంటి ముందు బండి ఉండబట్టియే నీరు తగ్గిన గంటలోగా కదలగలిగినారు. వాగులో దిగకుండుటకు మాత్రము బండి ఏ సహాయమును చేయదు, అది తోలేవాని చేతిలోనిది.

ఆ డిసెంబరులో నాన్నగారు ప్రభువునందు నిద్రించినారు.

బండి తమ్ముని ఇంటి ముందే నిలిచిపోయినది. రెండు వారములు కదలకున్న బండికి బ్యాటరీ పోవుట మామూలే, అదియు అయినది. 2010లో రిజిస్టరు అయిన బండి గనుక 2025 జూలైతో పదిహేనేండ్లు నిండును. ఒక పాత సామాను వ్యాపారి ఇరువది ఐదు వేలు ఇచ్చెదనన్నాడు. పదిహేనేండ్లు దాటిన బండి ఇక నడువదని మాకు చెప్పినవారు పదిమంది ఉందురు. ఢిల్లీ ప్రాంతపు నిషేధమును విని అట్లనుకొనుచున్నారు గాని, తెలంగాణలో ఆ నిషేధము లేదు. బండిని పరీక్షకు తీసికొని పోయి, యోగ్యమని తేలినచో ఐదేండ్లకు రిజిస్ట్రేషన్ పొడిగింతురు, హరిత పన్ను కట్టవలెను. పునరుద్ధరణ రుసుమును మాత్రము కేంద్రము 2022 ఏప్రిల్ నుండి 600 రూపాయల నుండి 5,000కు పెంచినది.

అమ్మివేయుదమా, ఉంచుకొందమా అని లెక్క వేసినాము. వెయ్యి సీసీకి లోపు కారుకు మూడవ పక్ష బీమా 2022 రేటు ప్రకారము 2,094 రూపాయలు, దానిపైన పన్ను. ఆయిలు, బ్రేకులు, చిల్లర మరమ్మతులు కలిపి ఏడాదికి మాకు సగటున పన్నెండు వేలు అయినవి. పెట్రోలు వేరుగా ఉన్నది. 2021లో లీటరు నూరు దాటినది మరల కిందికి రాలేదు. పోతే, 2023 డిసెంబరు 9 నుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు టికెట్టు లేదు. పాలకుర్తి బడికి పోయేవారు ఇప్పుడు బస్సులోనే పోవుచున్నారు. సమయమునకు బస్సు వచ్చే ఊరిలో రెండవ కారు అక్కరలేదని మేము నిశ్చయముగా చెప్పగలము. మా జనగామ అవసరము తీరిపోయినట్లే.

అమ్మాయి ఫోను చేసి, “నాన్నా, అమ్మకండి, నాకు పంపండి” అన్నది. అల్లునిది గనిలో పని, వారమును బట్టి షిఫ్టు మారును. రాత్రి షిఫ్టు వారమున చంటిబిడ్డకు జ్వరము వచ్చినచో ఆమెకు పక్కింటివారే దిక్కు. కాని అల్లుడు ఒప్పుకొనలేదు. అతని మాటలో న్యాయమున్నది. కొత్త కార్లలో డ్రైవరుకు ఎయిర్‌బ్యాగు 2019 జూలై నుండి తప్పనిసరి అయినది, పక్క సీటుకు 2021 చివరి నుండి. మా బండిలో ఒక్కటియు లేదు. భూపాలపల్లి రోడ్డు సంగతి ఆ వైపు పోయినవారికి తెలియును. గూడెప్పాడు దగ్గర ములుగు రోడ్డును విడిచి పరకాల దాటినది మొదలు బొగ్గు టిప్పర్లు, చెల్పూరు విద్యుత్ కేంద్రపు బూడిద లారీలు, గోదావరి ఇసుక లారీలు. వాటి మధ్య మా ఆల్టో అగ్గిపెట్టెవలె ఉండును. దారిలో మొరంచపల్లి వచ్చును. 2023 జూలై 27న మొరంచవాగు పొంగి ఊరంతయు మునిగి, జనులు మిద్దెల మీద, చెట్ల మీద నిలిచినది అక్కడనే.

మామా అల్లుండ్ర మధ్య రెండు వారములు మాటలు జరిగిన తరువాత ఒక ఒప్పందము కుదిరినది. బండి భూపాలపల్లి ఊరిలోనే తిరుగవలెను. కాలనీ, ఆసుపత్రి, బజారు, ఆదివారము ఆరాధన, అంతే. పరకాల రోడ్డు ఎక్కరాదు. వరంగల్ రావలెనంటే బస్సు, లేక మేము పెద్ద బండి తీసికొని పోవుట. ఘనపురము కోటగుళ్ళు చూపించుమని చుట్టములు అడిగినను ఇదే నియమము. 2023 సెప్టెంబరులో భూపాలపల్లిలో కూడ ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చినది గనుక బిడ్డను చూపించుటకు ఊరు దాటవలసిన పని మునుపటివలె లేదు. అందుచేతనే ఈ నియమము నడువగలదని అల్లుడు ఒప్పుకొన్నాడు.

పరీక్షకు ముందు జనగామ మెకానిక్కు ముందు బ్రేకు ప్యాడ్లు, పెట్రోలు రబ్బరు గొట్టములు మార్చినాడు. ఇప్పుడు పెట్రోలులో ఇథనాలు ఇరువది శాతము కలుపుచున్నారు గనుక పాత రబ్బరు తొందరగా పగులునని అతని మాట. “గాలి ఫిల్టరు మాత్రం నెలనెలా దులుపుకోవాలె అక్కా, ఆడ బొగ్గు దుమ్ము” అని అమ్మాయికి ఫోనులో చెప్పినాడు. బండి పరీక్షలో నెగ్గినది. పుస్తకము 2030 వరకు పొడిగింపబడినది. తెల్లవారుజామున లారీలు తక్కువగా ఉండే వేళ అల్లుడే స్వయముగా తోలుకొని పోయినాడు.

ఆగస్టులో ఒక రాత్రి, అల్లుడు గనిలో ఉండగా, బిడ్డకు జ్వరము ఎక్కువై ఫిట్సు వచ్చినది. అమ్మాయి పక్కింటి పిన్నిగారి ఒడిలో బిడ్డను పెట్టి తానే తోలుకొని పోయినది. పది నిమిషములలో ఆసుపత్రి చేరినారు. బిడ్డ ఇప్పుడు బాగుగా ఉన్నాడు. మేము మరునాడు పెద్ద బండిలో పోయి చూచినప్పుడు, వాల్చిన ముందు సీటును నిలబెట్టుట ఎట్లో తెలియక ఆమె అట్లే తోలినదని తెలిసినది. తమ్ముడు నాన్నగారి కొరకు వాల్చిన నాటి నుండి ఆ పిడి బిగిసి ఉన్నది. దానికి నూనె వేసి వచ్చినాము. వెనుక టైర్లు రెండు వచ్చే నెల మార్చవలసి ఉన్నది.