ముల్లు చెప్పిందల్లా నిజం కాదు

పాత కారు బాగుచేయడమూ పాత కోడు బాగుచేయడమూ ఒకటే. రాసినవాడు ఎప్పుడో వెళ్ళిపోయుంటాడు. తర్వాత చెయ్యిపెట్టిన ప్రతివాడూ తలా ఒక అతుకు వేసుంటాడు. ఎక్కడ ముట్టుకుంటే ఎక్కడ పేలుతుందో ఎవరికీ తెలీదు. అలాంటప్పుడు మన ఐటీ జనాలు చేసే మొదటి పని, అనుమానం వచ్చిన ముక్కనల్లా మార్చిపారేయడం. మెకానిక్కులూ అంతే! అదెంత ఖరీదైన అలవాటో ఈ వేసవిలో కళ్ళారా చూశాను.

మేముండేది మిషిగన్‌లో, డెట్రాయిట్ శివార్లలో. మనకి సినిమాలెంతో ఇక్కడివాళ్ళకి కార్లంత. ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్లు బారులు తీరతాయి, 1995లో మొదలైన సంబరమది. మా పక్కింటి పెద్దాయన దగ్గర 1968 మస్టాంగ్ జీటీ ఉంది. 390 క్యూబిక్ అంగుళాల ఇంజను, అంటే దాదాపు 6.4 లీటర్లు. 'బుల్లిట్' సినిమాలో స్టీవ్ మెక్వీన్ తోలిన రకం. కొత్తగా కొన్నదీ ఆయనే. (మస్టాంగ్‌ని మజిల్ కారనాలా, పోనీ కారనాలా అని ఇక్కడ పెద్ద తగువు. ఆ గొడవ మనకొద్దు.)

ఆయనకిప్పుడు ఎనభై దగ్గరపడ్డాయి. కారుని మనవరాలికి ఇవ్వాలని కోరిక. కానీ రెడ్ లైటు దగ్గర రెండు నిమిషాలాగితే టెంపరేచర్ ముల్లు చివరికెక్కేస్తుంది. హెడ్‌లైట్లు వేస్తే గుడ్డి దీపాల్లా ఉంటాయి. పొద్దున్నకి బ్యాటరీ చచ్చిపోతుంది. థర్మోస్టాట్, రేడియేటర్, బ్యాటరీ, ఆల్టర్నేటర్ అన్నీ కొత్తవి వేయించాడు. ఆఖరికి "ఇంజను విప్పాల్సిందే" అన్నారట. నడిరోడ్డు మీద ఆగిపోయే బండిని ఆ పిల్ల చేతికెలా ఇస్తాను, అమ్మేస్తా అన్నాడు. అమ్మేముందు ఒక్క శనివారం నాకివ్వమని అడిగాను.

నేను మెకానిక్‌ని కాదు. నా దగ్గరున్నవి ఒక మల్టీమీటరు, దూరం నుంచే వేడి కొలిచే ఒక ఇన్‌ఫ్రారెడ్ తుపాకీ, ఇంకా ఉద్యోగం నేర్పిన ఒక ప్రశ్న: "ఎప్పుడు?" ఏం పాడైంది అని అడిగితే అందరూ ఊహలే చెప్తారు. ఎప్పుడవుతుంది అని అడిగితే సమాచారం వస్తుంది. ఫ్రీవే మీద ముల్లు ఎక్కువే చూపిస్తుంది గానీ అక్కడే ఉంటుందట, ఆగితేనే పైకి పోతుందట. ఇది పెద్ద ఆధారం. వేగంగా పోయేటప్పుడు గాలి దానంతటదే రేడియేటర్లోంచి దూసుకుపోతుంది. ఆగినప్పుడు ఫ్యానే లాగాలి. కాబట్టి ఆగినప్పుడే వేడెక్కితే ముందు గాలిని అనుమానించాలి. వేగంలో వేడెక్కితే నీటి ప్రవాహాన్నీ, రేడియేటర్నీ చూడాలి.

బానెట్ ఎత్తి చూస్తే ఫ్యాన్ చుట్టూ ఉండాల్సిన తొడుగు, అదే ష్రౌడ్, లేనే లేదు. కొత్త రేడియేటర్‌కి సరిపోలేదని తీసి గరాజ్‌లో మూలన పడేశారు! అది లేకపోతే ఫ్యాన్ తిరిగినా రేడియేటర్ మొత్తంలోంచి గాలి లాగలేదు.

తర్వాత బెల్టు. ఈ కార్లో వాటర్ పంపునీ ఆల్టర్నేటర్నీ తిప్పేది ఒకే బెల్టు. అది అద్దంలా నున్నగా అరిగి, వదులుగా ఉంది. లైట్లు వేస్తే ఆల్టర్నేటర్ మీద బరువు పెరిగి బెల్టు జారుతుంది. అంటే చార్జింగూ తగ్గుతుంది, నీళ్ళూ నెమ్మదిస్తాయి. వేడి ఒక జబ్బు, కరెంటు ఇంకో జబ్బు అనుకుని ఇన్నాళ్ళూ వేర్వేరుగా వైద్యం చేశారన్నమాట.

మీటరు పెడితే ఇంజను తిరుగుతుండగా బ్యాటరీ దగ్గర 12.4 వోల్టులే. 14 అటూఇటూగా ఉండాలి. బెల్టు మార్చి బిగిస్తే 13.2కి వచ్చింది. ఇంకా చాలదు. ఆల్టర్నేటర్ ఒంటికీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య కొలిస్తే 0.8 వోల్టు. 0.2 మించకూడదు. కొత్త ఆల్టర్నేటర్ బిగించేటప్పుడు అందంగా ఉంటుందని బ్రాకెట్‌కి మందంగా నల్లరంగు వేశారు. రంగులోంచి కరెంటు పోదు కదా! బోల్టు కూర్చునే చోట గీకి శుభ్రం చేస్తే 14.1.

ఇక అసలు తమాషా ముల్లుది. ముల్లు చివరికెక్కినప్పుడు తుపాకీతో థర్మోస్టాట్ దగ్గర కొలిస్తే 225 డిగ్రీల ఫారన్‌హీట్. ఎక్కువే, కానీ సగం కూలెంటూ సగం నీళ్ళూ పోసి, 13 పి.ఎస్.ఐ. మూత సరిగ్గా పనిచేస్తుంటే 260 దాకా మరగదు. అదే సమయంలో సగమే పెట్రోలున్న ట్యాంకు ముల్లు నిండుగా చూపిస్తోంది. ఇద్దరు సాక్షులూ ఒకేలా అబద్ధమాడితే వాళ్ళకి చెప్పిచ్చినవాడు ఒక్కడే అయ్యుండాలి. ఈ కార్లలో రెండు ముళ్ళకీ డాష్‌బోర్డు వెనకున్న ఒక చిన్న రెగ్యులేటర్ సగటున 5 వోల్టులు ఇస్తుంది. దాని గ్రౌండు సరిగ్గా లేకపోతే వోల్టులు పెరిగి రెండూ పైకి లేస్తాయి. తుప్పు గీకి స్క్రూ బిగించాం. అంతే.

తొడుక్కి కొత్త క్లాంపులు చేసి బిగించాక, ఎండలో ఇరవై నిమిషాలు నిలబెట్టినా 200 దాటలేదు. ఖర్చు? ఒక బెల్టు, నాలుగు క్లాంపులు, ఒక గరుకు కాయితం.

ఇందులో నా గొప్పేమీ లేదు. నన్ను కుదిపింది వేరే విషయం. తొడుగు తీసేసిందీ, రంగు వేసిందీ, బెల్టు వదులుగా వదిలేసిందీ అన్నీ "రిపేర్లే". ప్రతి కొత్త ముక్కా ఒక కొత్త తప్పుని మోసుకొచ్చింది. కొలవకుండా మార్చేవాడికి పాత జబ్బుకీ తను తెచ్చిన జబ్బుకీ తేడా తెలీదు. కొత్తది వేశాం కాబట్టి అక్కడ తప్పుండదని నమ్మేస్తాడు కూడా. మన ఆఫీసుల్లో, ఆ మాటకొస్తే మన ఆసుపత్రుల్లో, ఇది రోజూ చూసేదే కదూ?

పెద్దాయన ఆ అంకెలన్నీ ఒక కాయితం మీద వరసగా రాయించుకున్నాడు. లైట్లు వేసి ఎన్ని వోల్టులు, ఆగి ఉంటే ఎన్ని డిగ్రీలు, బెల్టు వేలితో నొక్కితే ఎంత వంగాలి. మనవరాలికి తాళాలకంటే ముందు ఆ కాయితమే ఇచ్చాడు. అమ్మే ఊసు మళ్ళీ ఎత్తలేదు.