బాపు ప్లేట్లు, దాది పాట

మా ఇంట్లో అటక మీద ఒక రేకుపెట్టె ఉంది. అందులో ముప్పైకి పైగా గ్రామఫోను ప్లేట్లు, ఒక అట్టడబ్బా నిండా క్యాసెట్లు ఉన్నాయి. వాటిని పాడించే మిషను ఎప్పుడో మూలపడింది. అయినా పండగకు ఇల్లు దులిపేటప్పుడు అక్కాతమ్ముళ్లం ముగ్గురం ఆ పెట్టె దించి ఒక్కో ప్లేటూ తుడిచి మళ్లీ సర్దుతాం. ఆ పని ఒక పూటలో ఎన్నడూ ముగియలేదు. ప్రతి ప్లేటుకూ ఒక కథ లేస్తుంది మరి.

మేము సుగాలీలం. అమ్మను యాడి, నాయనను బాపు, నాయనమ్మను దాది అంటాం. బాపు పెనుకొండ దగ్గరి మా తండా నుంచి హిందూపురం పోయి ఒక మైక్ సెట్ అంగట్లో పనికి కుదిరాడు. పెళ్లయినా, జాతరయినా, ఓట్లయినా హారన్లు చెట్టుకు కట్టడం, బ్యాటరీలు మోయడం, ప్లేటు ప్లేటుకూ ముల్లు చూసుకోవడం ఆయన పని. పాతకాలం ప్లేటు ఒక పక్క మూడు నిమిషాల చిల్లర పాడి ఆగిపోతుంది. ఊరంతా భోజనాల దగ్గర ఉంటే బాపు ప్లేటు తిరగేస్తూ కూర్చునేవాడు. 1985లో ఎన్.టి.రామారావు హిందూపురం నుంచి పోటీ చేసినప్పుడు సభ మొదలయ్యే ముందు లవకుశ పాటలు వేస్తే, మైక్ విని పొలాల్లో పనులు వదిలేసి జనం వచ్చేవాళ్లని చెప్పేవాడు.

1990 ప్రాంతంలో క్యాసెట్లు వచ్చేశాయి. అంగడాయన బాపుకు ఇవ్వాల్సిన కూలి బాకీ కింద కొన్ని ప్లేట్లు, కీ ఇచ్చి తిప్పే పాత గ్రామఫోను ఇచ్చి పంపాడు. బాపు వాటిని ప్యాసింజర్ బండిలో ఒళ్లో పెట్టుకొని తెచ్చాడు. యాడి వాటిని చూసి, "వీటిని ఉడకేసి పిల్లోళ్లకు పెట్టాల్నా?" అంది. ఆ వారం మా ఇంట్లో పొయ్యి ఎట్లా వెలిగిందో ఆమెకే తెలుసు.

ఆ రాత్రి మాయాబజార్ ప్లేటు వేశాడు బాపు. తండాలో సగం మంది మా వాకిట్లో కూర్చున్నారు. దాది రెండుసార్లు విని, "ఇదేందిరా, రెండోసారీ అచ్చం అట్లనే పాడింది! మనిషి అట్ల పాడతాడా?" అని అడిగింది. అందరూ నవ్వారు. మేమూ నవ్వాం. ఆ మాట అర్థం కావడానికి మాకు చాలా ఏళ్లు పట్టింది.

పెట్టెలో ఘంటసాల భగవద్గీత ప్లేటు కూడా ఉంది. బాపు దాన్ని ఏనాడూ పైకి తీయనియ్యలేదు. ఊళ్లలో అది వినబడితే ఎవరింట్లోనో చావు జరిగిందని అర్థం. ఎందరి వాకిళ్ల ముందో దాన్ని వేసివచ్చిన మనిషి ఆయన. ఆయన పోయిననాడు హిందూపురం నుంచి పాత స్నేహితులు మైక్ తెచ్చి అదే వేశారు.

శంకరాభరణం క్యాసెట్ పెద్ద తమ్ముడిది. ధర్మవరంలో పట్టుచీరల మగ్గాల దగ్గర పనికి కుదిరి మొదటి కూలితో కొన్నాడు. సినిమా 1980లో వచ్చినా ఆ పాటలు మగ్గాల ఇళ్లల్లో ఇంకా మోగుతుండేవి. "ఆ పాటల్లో నాకు తాళం వినపడదు, మగ్గం చప్పుడే వినపడుతుంది" అంటాడు ఇప్పటికీ.

ఒకసారి మా చేతుల్లోంచి ఒక ప్లేటు జారి ముక్కలైంది. ఒక ముక్క పొయ్యిలో వేస్తే కరిగి, పోస్టాఫీసులో సీలు వేసేటప్పటి వాసన వచ్చింది. "లక్కరా అది" అన్నాడు బాపు. బుక్కపట్నం డైట్‌లో చదివి మాలో ఒకరం పంతులయ్యాక, పిల్లలకు లక్క పురుగు గురించి చెబుతుంటే ఆ వాసన గుర్తొచ్చింది. లక్క పురుగు మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద బతుకుతుంది. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో ఆ కొమ్మలు కోసి లక్క గీకి అమ్మేవాళ్లలో ఎక్కువమంది ఆదివాసులే. లక్క మీద పరిశోధన చేసే సంస్థ రాంచీ దగ్గర 1924లోనే మొదలైంది. పాత ప్లేట్లకు ఆ లక్కే ప్రాణం. కుక్క బొమ్మ ప్లేట్ల కంపెనీకి కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో 1928 నుంచి కర్మాగారం ఉండేది.

ఆదివాసి చేతి లక్కతో అయిన ప్లేట్లు మా పెట్టెలో అన్ని ఉన్నాయి. వాటిలో ఆదివాసి భాషలో ఒక్క పాటా లేదు. మొదట్లో కంపెనీల మీద కోపం వచ్చింది. కానీ మా ఇంట్లో మేము చేసిన పని తలచుకుంటే ఆ కోపం నోటి దాకా రాదు.

మా పెళ్లిళ్లలో అత్తారింటికి పోయే పిల్ల ఒక్కొక్కరినీ కౌగిలించుకొని ఏడుస్తూ పాడుతుంది. దాన్ని ఢావ్లో అంటాం. ఏ పిల్లకు ఎట్లా పాడాలో నేర్పేది దాదియే. 1993లో టేప్ రికార్డర్ కొన్నప్పుడు సరదాకు ఆమె చేత అరవై నిమిషాల క్యాసెట్ నిండా పాడించాం. రెండేళ్లకు ఆమె పోయింది. 1996లో అక్క పెళ్లికి పాటలు కావాలని, ఖాళీ క్యాసెట్ కొనే డబ్బు లేక, చేతికందిన దాని మీద సినిమా పాటలు ఎక్కించాం. క్యాసెట్ వెనకంచున ఉండే రెండు ప్లాస్టిక్ పలుకులు విరిచేస్తే దాని మీద మళ్లీ రికార్డు కాదు. అది మాకు తెలుసు. విరవలేదు, అంతే. దాది గొంతు మా వేళ్ల కిందే పోయింది.

పెళ్లినాడు అక్కను పంపించే వేళ మైక్‌లో ఆ సినిమా పాటలే మోగుతున్నాయి. అక్క యాడిని పట్టుకొని నోరు తెరిచింది. ఏమీ వినపడలేదు. అప్పుడు బాపు లేచి పోయి మైక్ ఆపేశాడు. బతుకంతా మైక్ వేసినవాడు, కూతురి పెళ్లిలో మైక్ ఆపాడు. యాడి తనకు గుర్తున్నంత పాడింది. అక్క వెంట పాడింది. అది దాది పాటలో సగం కూడా కాదని పెద్దవాళ్లు అన్నారు.

మన భాషలను రాసేవాళ్లు తక్కువ. 2011 జనాభా లెక్కల్లో లంబాడీ మా మాతృభాష అని చెప్పినవాళ్లు 32 లక్షలకు పైనే. ఆ లెక్కనూ హిందీ కిందే కలిపారు. సుగాలీ, ఎరుకల, యానాది, చెంచు, ఎవరింట్లోనైనా పాట గొంతులోనే ఉంది.

పోయిన ఏడాది అక్క చేత ఢావ్లో పాడించి ఫోన్‌లో రికార్డు చేశాం. వారం తర్వాత మళ్లీ పాడించాం. రెండూ ఒకటి కావు. రెండోసారి బాపును తలచుకొని కొత్త మాటలు చేర్చింది. దాది ఆనాడు అన్నది ఇదే. మనిషి పాట ప్రతిసారీ పుడుతుంది. అందుకే ఒకసారి రికార్డు చేసి ఊరుకోకూడదు, నేర్చుకోవాలి కూడా.

బడిలో పిల్లలకు ఇప్పుడు ఒక పని ఇస్తున్నాం. ఇంట్లో ముసలివాళ్ల పాట ఫోన్‌లో ఎక్కించండి, పాడినవాళ్ల పేరు, తండా, తేదీ ముందే చెప్పించండి, రెండు చోట్ల దాచండి, ఒక చరణం మీరూ నేర్చుకొని రండి అని. మొన్న ఒక పిల్ల, "సార్, ఫోన్‌లో జాగా లేదు, ఏది చెరపమంటారు?" అని అడిగింది. "సినిమా పాట చెరుపమ్మా. అది ఎక్కడైనా దొరుకుతుంది" అన్నాం.