ఎస్, హెచ్, ఐ కొడితే...

మా ల్యాబ్‌లో చైనా అమ్మాయి ఇవాళ తన ఉబుంటు కంప్యూటర్లో చైనీస్ టైపింగ్ పెట్టుకుంటుంటే పక్కనే కూర్చుని చూశా.

ఐబస్ లిబ్‌పిన్యిన్ అనే సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసింది. లాగౌటై మళ్లీ లాగిన్ అయింది. కీబోర్డ్ సెట్టింగ్స్‌లో ‘ఇంటెలిజెంట్ పిన్యిన్’ చేర్చింది. అంతే!

మామూలు ఇంగ్లిష్ కీబోర్డు మీద ఎస్, హెచ్, ఐ కొట్టగానే చిన్న పెట్టెలో వరసగా చైనీస్ అక్షరాలు, పక్కన 1, 2, 3 అంకెలు. కావాల్సినదాని అంకె నొక్కడమే.

‘చూస్తే గుర్తుపడతా గానీ, పెన్ను పడితే కొన్ని అక్షరాలు చేతికి రావు’ అని నవ్వింది.

పిన్యిన్ అంటే చైనీస్ ఉచ్చారణను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే పద్ధతి. దాన్ని చైనా 1958లో ఆమోదించింది. ఇప్పుడు కోట్లమంది వేళ్లు దాని మీదే నడుస్తున్నాయి.

తెలుగు రాయడానికి మనమూ ఇంగ్లిష్ అక్షరాలే కొడతాం. కాకపోతే వాట్సాప్‌లో చాలామందిమి అక్కడే ఆగిపోతాం. వాళ్లు ఇంకో అడుగేసి సొంత లిపిలోకి వెళ్తారు.

ఆ ఒక్క అడుగుకీ మనకెందుకో ఇంత బద్ధకం!

మీరు తెలుగు ఎలా కొడతారు? ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డా, ఇంగ్లిష్ అక్షరాలతో ఆర్టీఎస్సా, ఫోన్లో మాట్లాడేయడమేనా?