గుంటల లెక్క

"ఈ వయసులో గోల్ఫేమిటే? గోళీలాడుకో, ఖర్చయినా కలిసొస్తుంది" అన్నారు మావారు. ఆయన అలా అనకపోతేనే నేను కంగారుపడి ఉండేదాన్ని.

మేముండేది ఫిల్మ్‌నగర్‌లో. ఆ మాట చెప్పగానే మా బంధువులందరూ "అయితే రోజూ హీరోలు కనిపిస్తారా?" అని కళ్ళు పెద్దవి చేస్తారు. హీరోలు కనిపించరండీ, వాళ్ళ కారవాన్లు కనిపిస్తాయి. 1976లో నాగేశ్వరరావుగారి అన్నపూర్ణా స్టూడియో మొదలైంది. 1989లో కొండమీద రామానాయుడు స్టూడియో లేచింది. మేమూ ఆ రోజుల్లోనే, జూబిలీహిల్స్‌లో కొనలేక, దానికి ఆనుకుని ఉన్న ఈ బండరాళ్ళ మధ్య అప్పుచేసి ఇల్లు కట్టుకున్నాం. అప్పట్లో తారలు చెట్టుకింద కుర్చీ వేసుకుని మొహానికి పౌడరద్దించుకునేవారు. ఇప్పుడు ఆ చెట్టూ లేదు, కుర్చీ లేదు. బస్సంత బండి వచ్చింది. అందులో మంచం, సోఫా, ఏసీ, బాత్‌రూము, అద్దం చుట్టూ డజను బల్బులూను.

మా పక్కవీధి పిన్నిగారి అబ్బాయి అలాంటి బళ్ళు షూటింగులకి అద్దెకిస్తాడు. ఒక బండికి పదిరోజులు పనిలేకపోయింది. "డీజిలూ, డ్రైవరు బత్తా మీరిచ్చుకోండి, ఎక్కడికైనా తిరిగి రండి" అన్నాడు. పుణ్యాత్ముడు. నలుగురం బయల్దేరాం. పిన్నిగారూ, నేనూ, మేజరుగారి భార్య (మాకందరికీ మేజరు వదిన), లెక్కలక్కయ్య. లెక్కలక్కయ్య అంటే ముప్పయ్యేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయిన మనిషి. కూరలబ్బాయి మొత్తం చెప్పేలోపలే చిల్లర చేతిలో పట్టుకుని నిలబడేది.

ఇంతకీ గోల్ఫు గొడవ చెప్పలేదు కదూ. మేజరుగారు పోయాక ఆయన గోల్ఫు సంచీని వదిన అటకమీద పెట్టలేకపోయింది. "మీరు రండే, నేను నేర్పుతా" అని మమ్మల్ని గోల్కొండకి లాక్కెళ్ళేది. అక్కడ నయా ఖిలా గోడల పక్కన పచ్చికుంది. 1687లో కుతుబ్‌షాహీలు కోట పోగొట్టుకున్న చోట మేం రెండేళ్ళపాటు బంతులు పోగొట్టుకున్నాం.

తెలియనివాళ్ళకి చెబుతున్నాను. పద్దెనిమిది గుంటలుంటాయి. ఒక్కో గుంట వెడల్పు నాలుగుంబావు అంగుళాలు. మన మరచెంబు మూతి కంటే ఏమంత పెద్దది కాదు. ఎంత తక్కువ దెబ్బల్లో బంతిని అందులో పడేస్తే అంత గొప్ప. సంచిలో పద్నాలుగు కర్రలకి మించి ఉండకూడదు. "వామనగుంటల పీటకీ పద్నాలుగు గుంటలేగా! ఇది మన ఆటకి పినతల్లి కూతురే" అని లెక్కలక్కయ్య మొదటిరోజే తేల్చేసింది. అన్నిటికంటే నాకు నచ్చిందేమిటంటే, మాబోటివాళ్ళు సరదాకి ఆడుకునేటప్పుడు పక్కన అంపైరుండడు. ఎవరి దెబ్బలు వాళ్ళే లెక్కపెట్టుకుని, ఎంతో నిజం చెప్పాలి.

ప్రయాణం సంగతి ఏం చెప్పమంటారు! గుత్తి దగ్గర టీ కొట్టు ముందు బండి ఆగీ ఆగకముందే యాభైమంది మూగారు. సెల్‌ఫోన్లు పైకి లేచాయి. తలుపు తెరుచుకుని, నేను పులిహోర గిన్నెతో, పిన్నిగారు మోకాలిపట్టీతో, ఒకరి తర్వాత ఒకరం దిగాం. ఆ జనం మొహాలు చూడాలి! ఒక కుర్రాడు మాత్రం ఆశ వదులుకోలేక "క్యారెక్టర్ ఆర్టిస్టులా అమ్మా?" అని అడిగాడు. "అవును నాయనా, తల్లి వేషాలు" అంది వదిన.

ఇక ఆ అద్దం ఉందే, అది పగవాళ్ళకి కూడా వద్దు. డజను బల్బులు వెలిగించుకుని చూసుకుంటే నా మొహంలో నేనెరగని గీతలన్నీ బయటపడ్డాయి. తారలు ఎలా భరిస్తారో గానీ, మేం రెండోరోజుకల్లా దానిమీద తువ్వాలు ఆరేశాం.

బెంగుళూరులో గోల్ఫు క్లబ్బు 1876 నాటిది. దాన్ని బయటినుంచే చూసి దణ్ణం పెట్టుకున్నాం. మైసూరులో వదినకి తెలిసినవాళ్ళుండబట్టి అతిథులుగా ఆడనిచ్చారు. గుర్రప్పందేల మైదానం మధ్యలోనే ఉంది ఆ గోల్ఫు మైదానం. అక్కడే వచ్చింది తగాదా.

కార్డు రాసేది నేను. నాలుగో గుంట దగ్గర "ఆరు" అంది లెక్కలక్కయ్య. నేను చూస్తూనే ఉన్నాను, తొమ్మిది. సరే పోనీ అనుకున్నా. తర్వాత గుంటకి "అయిదు" అంది. ఎనిమిది! నాకు నోరూరుకోదు కదా. "అక్కయ్యా, పిల్లలకి మార్కులు వెయ్యడం కాదు ఇది" అనేశాను. ఆవిడ మొహం కందగడ్డయిపోయింది. "నన్ను దొంగంటావా?" అని కర్ర అక్కడే పారేసి బండెక్కేసింది. సాయంత్రందాకా మాటల్లేవు. నాకూ పంతమే వచ్చింది. దొంగలెక్క చెప్పింది ఆవిడైతే నేనెందుకు బతిమాలాలి, చెప్పండి?

బందీపూర్ అడవిలో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున్న ఆరుదాకా బళ్ళు పోనివ్వరు, ఏనుగులూ జింకలూ తిరిగే వేళ అని. మేం గుండ్లుపేట చేరేసరికే తొమ్మిదయింది. అక్కడే ఆగిపోయాం. జనరేటరు ఆపేస్తే చిమ్మచీకటి. ఏ రెండు గంటలకో మెలకువొచ్చి చూస్తే, ఆ అద్దం ముందు చిన్న టార్చి వెలుగుతోంది. లెక్కలక్కయ్య ఒళ్ళో నోటుపుస్తకం పెట్టుకుని కూచుంది. వెనకనుంచి చదివాను, తప్పే. "బాత్‌రూము ఎడమవైపు. డ్రైవరుకి డబ్బు ఇచ్చేశాను. మాత్ర వేసుకున్నాను." కింద "మాత్ర వేసుకున్నాను" అని మళ్ళీ ఉంది. మళ్ళీ.

నన్ను చూసి పుస్తకం మూయలేదు. "నేను అబద్ధం చెప్పలేదే. నాకు ఆరే గుర్తున్నాయి" అంది.

ఎన్నాళ్ళనుంచి అంటే, సంక్రాంతినుంచీట. మన వీధిమలుపు దాటిపోయి పెద్దమ్మగుడిదాకా నడిచి, అక్కడ ఎవర్నో దారడిగిందిట. కొడుక్కి చెప్పలేదు. చెబితే ఇల్లమ్మించి తన దగ్గరకి తీసుకుపోతాడని భయం. "నువ్వూ చెప్పకు" అంది. చెప్పనని మాటివ్వలేకపోయాను, చెబుతానని అనలేకపోయాను. ఆవిడ చెయ్యి పట్టుకుని తెల్లారేదాకా కూచున్నాను. దొంగన్నానే అన్నమాట గొంతులో ముల్లులా గుచ్చుకుంది.

కల్హట్టి దారిలో ముప్పయ్యారు మలుపులట. మా బండి ఆ దారికి పనికిరాదని గూడలూరు మీదుగా ఊటీ ఎక్కాం. ఆ కొండవాలు పచ్చికలు చూడగానే "ఇక్కడ ఎన్ని పాటలు తీశారో" అంటూ పిన్నిగారు అందుకున్నారు. లెక్కలక్కయ్య మాత్రం వంటసామాను సంచి వెతుకుతోంది. పులుసుకని తెచ్చిన చింతపండులోంచి పిక్కలు ఏరి, కడిగి, తుడిచి, స్వెట్టరు కుడిజేబులో పోసుకుంది. ఒక్కో దెబ్బకీ ఒక్కో పిక్క ఎడమజేబులోకి. అలా పద్దెనిమిది గుంటలూ ఆడింది. మంచుకి వేళ్ళు కొంకర్లు పోతున్నా ఒక్క పిక్క జారనివ్వలేదు.

చివరి గుంట దగ్గర నేను కార్డుమీద ఏడు వేశాను. అక్కయ్య ఎడమజేబులోవి అరచేతిలో పోసుకుని నెమ్మదిగా లెక్కపెట్టింది.

"ఎనిమిది. నువ్వు ఏడు వేశావు."

"పోనీలే అక్కయ్యా..."

"పోనీలే ఏమిటి? జాలి మార్కులు నేనెవరికీ వెయ్యలేదు, నాకూ వెయ్యకు. దిద్దు."

దిద్దాను.

దిగేటప్పుడు బండిలో నా పక్కకొచ్చి కూచుంది. "సోమవారం డాక్టరు దగ్గరకి నువ్వు రావాలి. అబ్బాయికి నేనే చెబుతాను, నువ్వు పక్కనుండు" అంది. కాసేపాగి, "సోమవారమేనా అన్నాను?" అంది.

"సోమవారమే అన్నావు" అన్నాను. నోటుపుస్తకం తీసి రాసుకుంది.