కంచెలు లేని దావల్లో బిల్లసర్గం దాకా

నంద్యాల నుంచి గుంతకల్లు వైపు వెళ్ళే ప్యాసింజరు పాణ్యం దాటాక కిటికీ బయట నేల మారిపోతుంది. నల్లరేగడి వెనకబడి రాయి పైకి తేలుతుంది. సిమెంట్ నగర్ కూడా దాటి బేతంచెర్లలో దిగితే ఇక ఎటు చూసినా నాపరాయే. పాత ఇళ్ళకు గోడలు ఆ రాయితో కట్టారు, కప్పులకు ఆ బండలే పరిచారు. చేల చుట్టూ నిలువుగా పాతిన కంచె కూడా నాపబండలదే. నేలమీద ప్రాణి అనేది లేని కాలంలో సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకున్న సున్నపురాయి ఇది. భూగర్భ శాస్త్రజ్ఞులు దీన్ని నర్జి సున్నపురాయి అంటారు. ఊళ్ళకూళ్ళు దాటి వెళ్ళి కొన్నవాళ్ళు మాత్రం బేతంచెర్ల బండలనే అంటారు.

సంక్రాంతి వెళ్ళి చేలు కోతలైపోయిన రోజుల్లో నేను ఇక్కడికి వచ్చాను. ఊరికి ఆగ్నేయంగా ఎర్రమల కొండల్లో ఉన్న బిల్లసర్గం గుహలదాకా నడవాలని వచ్చాను. ఆటో ఎక్కితే త్వరగానే చేరవచ్చు. నాకు కావలసింది తారురోడ్డు కాదు. చేనిగట్ల మీదుగా, డొంకల్లోంచి, గుట్టల మీదుగా, ఎవరి అనుమతీ అడగకుండా మనిషి ఇంకా ఎంతదూరం నడవగలడో చూడాలనుకున్నాను.

ఈ ఆలోచన నాలో చాలా కాలంగా ఉంది. ఇంగ్లండులో 1932 ఏప్రిల్ 24న వందలమంది కార్మికులు కిండర్ స్కౌట్ అనే కొండమీదికి మూకుమ్మడిగా నడిచి వెళ్ళారు. దొరలు వేటకోసం మూసిపెట్టుకున్న కొండ అది. కొందరు జైలుకు పోయారు. ఆ తరవాత 1949లో వచ్చిన చట్టం, కాలిబాటలన్నిటినీ పటాల మీద గుర్తించి భద్రపరిచే పనిని స్థానిక సంస్థలకు అప్పగించింది. 2000లో వచ్చిన చట్టం కొండల మీదా బీళ్ళ మీదా కాలినడకన తిరిగే హక్కు ఇచ్చింది. 2003లో స్కాట్లండు ఇంకా ముందుకు వెళ్ళి, బాధ్యతగా మసలుకుంటే దాదాపు నేలంతటా తిరగవచ్చని శాసనం చేసింది. నార్వేలో 1957 నుంచే అలాంటి చట్టముంది. వీటి గురించి చదివినప్పుడల్లా మన మెట్ట సీమలే కళ్ళముందు కదిలేవి. అక్కడివాళ్ళు కొట్లాడి తెచ్చుకున్నది ఇక్కడ ఏ చట్టమూ లేకుండా తరాలుగా నడుస్తూ వస్తోంది.

ఊరి చివర పాలిష్ ఫ్యాక్టరీల మధ్యనుంచి నడక మొదలైంది. బండ కోసే రంపాల మోత, నీళ్ళలో కలిసి పారే తెల్లటి రాతిబురద. ఆ బురద ఎండి బాట పక్కన దిబ్బలుగా పడి ఉంది. అది దాటగానే డొంక వచ్చింది. రెండు పక్కలా నాగజెముడు, సర్కారు తుమ్మ, నడుమ రెండెడ్ల బండి పట్టేంత వెడల్పు. ఎన్ని తరాల బండ్లు తిరిగాయో, చక్రాల కింద రాయి సైతం గాడిగా అరిగిపోయింది. ఇలాంటి డొంక ఏ రైతుదీ కాదు. రెవెన్యూ లెక్కల్లో దీన్ని పోరంబోకుగా రాస్తారు. పట్టాకు ఇవ్వకుండా, శిస్తు కట్టకుండా ఊరందరి అవసరానికి విడిచిన నేల అని దాని భావం. మేత పోరంబోకు, వాగు పోరంబోకు, గుట్ట పోరంబోకు, బండిబాట అంటూ ఒక్కో దానికీ ఒక్కో లెక్క ఉంది. ఊరి పటం దగ్గర పెట్టుకుని వీటిని వరసగా కలుపుకుంటూ పోతే, ఎవరి చేనూ తొక్కకుండా కొండదాకా వెళ్ళేలా పెద్దలు దారి ఉంచారని తెలుస్తుంది.

డొంక ఒకచోట చేలలోకి విచ్చుకుంది. కంది కోసిన చేను అది. నలుగురైదుగురు ఆడవాళ్ళు మొదళ్ళ నడుమ వంగి రాలిన కాయలు ఏరుకుంటున్నారు. చేను మీదేనా అని అడిగితే వాళ్ళలో పెద్దామె నడుము నిలిపి నావైపు చూసింది.

"మాది కాదు నాయనా. కోత అయిపోయినాక పరిగె ఏరుకునేదానికి చేను ఎవరిదైతే ఏముండాది? చేనాయప్ప ఏమీ అనడు."

ఆ చేనులోనే కొంచెం దూరాన గొర్రెలు మేస్తున్నాయి. కోత కోసిన మరునాటి నుంచి మళ్ళీ విత్తు పడేదాకా మెట్టచేను పశువులకూ జీవాలకూ తెరిచే ఉంటుంది. దీన్ని మంచితనమని మాత్రమే అనుకుంటే సగమే తెలిసినట్టు. మంద మేసిన చేనికి ఎరువు దక్కుతుంది. కాపరులు రాత్రిపూట గొర్రెలను అదే చేనులో మంద కడితే రైతు వాళ్ళకు గింజలో డబ్బో ఇస్తాడు. రైతుకు ఎరువు, కాపరికి గడ్డి, కూలిమనిషికి పరిగె. ఈ మూడూ ఒక దానికొకటి ఊతంగా నిలుస్తున్నాయి. చేను సగం ఏడు సొంతం, సగం ఏడు ఉమ్మడి. తక్కువ వాన పడే సీమలో బతకడానికి మన పెద్దలు కట్టుకున్న ఏర్పాటు ఇది. చుట్టూ ముళ్ళతీగ బిగిస్తే ఆ రైతుకు కూడా నష్టమే.

కనుమకింద కొట్టాల దాటాక నేల ఎగువకు వంపు తిరిగింది. చిగర చెట్లు, బలుసు పొదలు, ఆకు రాల్చిన సీతాఫలం మొక్కలు, మోకాలెత్తు బోదగడ్డి. అక్కడే ఒక గొర్రెల కాపరి కలిశాడు. భుజాన గొంగళి, చేతిలో దోటి. నేను యాడికి పోతున్నానో ముందే కనుక్కుని వచ్చినట్టు పలకరించాడు.

"బిల్లసర్గానికా సార్? ఈ దావన పోవద్దు. ముందర గుంత తవ్వినారు. నా ఎనకాల రాండి."

ఆయన చెప్పిన గుంత కొద్దిసేపట్లోనే కనిపించింది. రాతిగని అది. నిలువునా కోసిన గోడ, అడుగున పచ్చగా నిలిచిన నీళ్ళు, చుట్టూ పనికిరాని బండల గుట్టలు. ఎన్నో ఏళ్ళుగా జీవాలు నడిచిన బాట నేరుగా ఆ గోడ అంచుకు వచ్చి తెగిపోయింది. అవతలి గట్టుమీద అదే బాట మళ్ళీ మొదలై కొండెక్కుతోంది. నడుమ కంచె ఉంది. దాన్ని చుట్టి పోవడానికి మేము ముళ్ళపొదలగుండా చాలాసేపు నడవాల్సి వచ్చింది.

"మా తాతల కాన్నుంచీ ఉన్న దావ సార్ ఇది. మనిషంటే చుట్టు తిరిగి పోతాడు. జీవాలు యాటికి పోవల్ల?"

గని మీద నాకు పగలేదు. బేతంచెర్లలో ఎన్నో ఇళ్ళకు అన్నం పెట్టేది ఆ బండే. ప్రభుత్వానికి రాబడి తెచ్చేదీ అదే. రాయి ఎక్కడ తవ్వినా, దాని పక్కన దారిని ఇంకోవైపుకు మళ్ళించి ఇవ్వడం పెద్ద పనేమీ కాదు. తవ్వకానికి ముందు కాగితాల మీద హద్దులు గీసేటప్పుడే, ఇక్కడ ఒక బాట ఉంది అని రాసేవాడు ఉండాలి. రాయనిది లేనట్టే లెక్క. బాటలు మాయమయ్యేది అక్కడే.

గుట్ట దిగాక లోయ ఒక్కసారిగా నోరు తెరిచింది. బిల్లసర్గం అంటే చీకటి సొరంగమని అనుకుని వచ్చినవాళ్ళు ఇక్కడ ఆగిపోతారు. ఒకప్పటి గుహల పైకప్పు కూలిపోయి, ఆకాశానికి తెరుచుకున్న ఇరుకు లోయలుగా మిగిలింది. రెండు పక్కలా బూడిదరంగు సున్నపురాతి గోడలు. అక్కడక్కడ కూలకుండా నిలిచిన రాతి కమానులు. వాటి కిందనుంచి పక్క గుహల్లోకి దారులు. గోడలమీద తేనెపట్ల మరకలు, లోపలికి పోయేకొద్దీ గబ్బిలాల వాసన. బయట ఎండ చురుక్కుమంటుంటే లోపల చల్లగా ఉంది. కాపరి గొర్రెలను లోయ మొదట్లో నీడకు మళ్ళించి తన సద్దిమూట విప్పాడు.

ఈ గుహల గురించి లోకానికి మొదట రాసింది కెప్టెన్ న్యూబోల్డ్. 1844లో ఇక్కడ పాత ఎముకలు ఉన్నాయని ప్రకటించాడు. నలభై ఏళ్ళ తరవాత, మద్రాసు గవర్నరుగా గ్రాంట్ డఫ్ ఉన్న కాలంలో, భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్ వచ్చాడు. ఆయన కొడుకు హెన్రీ ఫుట్ ఈ లోయలోనే మకాం పెట్టి తవ్వకాలు జరిపాడు. వాళ్ళు పంపిన ఎముకలను రిచర్డ్ లిడెకర్ పరిశీలించాడు. వాటిలో ఒక ఖడ్గమృగం ఎముకలున్నాయి. దానికి ఆయన మన కర్నూలు పేరే పెట్టాడు. నీళ్ళకు కటకటపడే ఈ కొండల్లో ఒకప్పుడు ఖడ్గమృగాలు తిరిగాయన్నమాట. మనిషి చెక్కి వాడుకున్న ఎముక పనిముట్లు కూడా దొరికాయని ఫుట్ రాశాడు. తరవాత 1970లలో ఈ ప్రాంతంలోనే ముచ్చట్ల చింతమాను గవిలో జరిగిన తవ్వకాలు ఆ మాటకు బలమిచ్చాయి. ఇదే కొండల ప్రాంతంలో, బనగానపల్లె దగ్గరి జ్వాలాపురంలో 74,000 ఏళ్ళ కిందట సుమత్రా దీవిలో పేలిన టోబా అగ్నిపర్వతపు బూడిద పొర బయటపడింది. ఆ బూడిదకు కిందా పైనా మనుషుల రాతి పనిముట్లు దొరికాయని 2007లో శాస్త్రజ్ఞులు వెల్లడించారు.

నా నడకకు సూటిగా తగిలిన విషయం 2014లో వెలువడింది. బిల్లసర్గంలో కొత్తగా చేసిన తవ్వకాల్లో రెండు లక్షల ఏళ్ళ పొడవునా పేరుకున్న జంతువుల ఎముకలను పోల్చి చూశారు. గుర్తించిన 21 క్షీరద జాతుల్లో 20 జాతులు ఉపఖండంలో నేటికీ ఏదో ఒక చోట బతికే ఉన్నాయని తేలింది. మంచుయుగాలు వచ్చిపోయాయి, కరువులు వచ్చిపోయాయి, మనుషులు వచ్చారు. ప్రపంచంలో చాలాచోట్ల పెద్ద జంతువులు అంతరించిపోయినా ఇక్కడివి నిలిచాయి. దానికి శాస్త్రజ్ఞులు చెప్పిన కారణం ఇది: ఈ నేలలో అడవి, గడ్డిబీడు, వాగు, కొండ ఒకదానికొకటి తెగకుండా కలిసి ఉన్నాయి. ఒకచోట కష్టమొస్తే ప్రాణి ఇంకోచోటికి కదలగలిగింది. ఆ లోయలో కూర్చుని ఈ విషయం తలుచుకున్నప్పుడు, గని అంచున తెగిపోయిన గొర్రెల బాట కళ్ళముందు మెదిలింది. ప్రాణులు కదలగలిగిన నేలే ప్రాణులను నిలబెట్టింది. మనుషులకూ అదే వర్తిస్తుంది.

ఈ సీమ ఎప్పుడూ నడిచే సీమే. ఉగాదికి ముందు కర్ణాటక నుంచి వేలమంది భక్తులు మల్లన్నను చూడాలని కర్నూలు పల్లెల మీదుగా, నల్లమల గుండా శ్రీశైలం నడుస్తారు. దారిపొడవునా పల్లెలు వాళ్ళకు నీళ్ళూ అన్నమూ పెడతాయి. అహోబిలం నరసింహస్వామి కనుమ నాటినుంచి పారువేటకు బయలుదేరి ఎన్నో ఊళ్ళు తిరుగుతాడు. బేతంచెర్లకు దగ్గరలోని మద్దిలేటి నరసింహస్వామికి ఈ కొండదారుల్లో నడిచి వెళ్ళి మొక్కు తీర్చుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. దేవుడి పేరు చెప్పి నడిస్తే ఎవరూ అడ్డుకోరు. గొర్రెలు తోలుకుని నడిచినా, పరిగెకోసం నడిచినా, ఊరికే కొండ చూడాలని నడిచినా అంతే మర్యాద దక్కాలి.

చట్టం మనకు పూర్తిగా దూరమేమీ కాదు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ఊరి ఆచారంవల్ల వచ్చే హక్కును గుర్తిస్తుంది. ఊరి మేతభూమిలో పశువులను మేపుకునే రైతు హక్కును ఆ చట్టమే ఉదాహరణగా చూపింది. ఇరవై ఏళ్ళు బహిరంగంగా, అడ్డులేకుండా, హక్కుగా వాడుకున్న దారికీ అది రక్షణ ఇస్తుంది. ప్రభుత్వ భూమి మీదైతే ముప్పై ఏళ్ళు కావాలి. 2006 అటవీ హక్కుల చట్టం అడవిలో మేపుకునే సంచార కాపరుల హక్కును ఒప్పుకుంది. 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించే పథకాలు తయారుచేయాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. పోరంబోకు అనే మాట ఆ తీర్పులోనే ఉంది. లేనిదల్లా ఒక్కటే. మామూలు మనిషి బీళ్ళలోనూ గుట్టలమీదా కాలినడకన తిరగవచ్చని సూటిగా చెప్పే చట్టం మనకు లేదు. ఆచారమే మనకు ఆధారం. ఆచారం నిలవాలంటే వాడుక ఉండాలి, రాత ఉండాలి.

ఈ దారుల్లో నడవాలనుకునేవారికి కార్తీకం నుంచి మాఘం దాకా మంచి కాలం. నీళ్ళు మోసుకుపోవాలి, కొండలో దొరకవు. విత్తిన చేనిలో అడుగు పెట్టకూడదు, గట్టుమీదే నడవాలి. కంచె తీస్తే మళ్ళీ వేసి రావాలి. గుహల్లో రాయి విరగ్గొట్టకూడదు, గోడలమీద పేర్లు రాయకూడదు, గబ్బిలాలను బెదరగొట్టకూడదు. గనుల అంచులకు పోకూడదు. దావ తెలియకపోతే కాపరిని అడగాలి. నేల ఇచ్చిన స్వేచ్ఛకు ఇది మనం చెల్లించే బాకీ.

ఊళ్ళవాళ్ళకు నా మనవి వేరు. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేతో మన ఊళ్ళ పటాలు కొత్తగా గీస్తున్నారు. మీ ఊరి పటం అడిగి తీసుకోండి. మీ డొంక, మీ బండిబాట, జీవాలు నడిచే దావ, వాగు గట్టు అందులో ఉన్నాయో లేదో పెద్దవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. లేకపోతే గ్రామసభలో తీర్మానం చేసి రాతపూర్వకంగా అడగండి. పట్టా భూమికి ఒక యజమాని ఉంటాడు, తన హద్దును తానే కాచుకుంటాడు. బాటకు ఊరంతా యజమానే, కాబట్టి ఊరంతా కలిసి అడిగితేనే అది దక్కుతుంది.